బహుమతి గరిటెలు

కురిసావా గ్రామ కార్యాలయం
1954 అక్టోబరు 28

పెద్దమ్మా,

నీ మోకాలు ఎలా ఉంది? చిన్న మేక చూలు కట్టిందా? ముల్లంగి పీకడం మొదలుపెట్టారా? ఇవి అడగకుండా మొదలుపెడితే "చదువుకున్నవాళ్ళకి మర్యాదలు తెలియవు" అంటావు కనుక ముందే అడిగేశాను.

అమ్మ యొకొహామా నుంచి రాసింది. "మా అక్కని ఇచ్చిన కొండల్లోకే నర్సు ఉద్యోగమని నువ్వూ పోయావు, ఇంక దానిలాగే మొండిగా తయారవుతావు" అని. నీకూ నాకూ మధ్య ఒక కనుమ ఉంది కాబట్టి బతికిపోయానని జవాబు రాశాను. ఆకులు రాలిపోయాయి, మంచు ఇంకా దిగలేదు. నేను సైకిల్ తొక్కగలిగేది ఈ కొద్ది రోజులే. ఆ తరువాత మంచుమీద నడకే గతి.

ఇక్కడి తల్లుల సంగతి బాగాలేదు. కడుపుతో ఉన్నవాళ్ళ కింది రెప్ప లాగి చూస్తే ఎరుపన్నదే కనబడదు. పాలు చాలని పిల్లలకి గంజినీళ్ళు తప్ప మరో తిండి ఉంటుందని ఎవరికీ తోచదు. అందుకని తల్లులకి వంట తరగతి పెట్టాను. మొదటిసారి ముగ్గురు వచ్చారు. అందులో ఒకావిడ విత్తనాల కోసం వచ్చి గది తప్పింది.

ఏం చేస్తే వస్తారా అని బుర్ర బద్దలు కొట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ బహుమతి అని చాటించాను. వడ్రంగి గెంజో గారు మంచి చెక్కతో అన్నం వడ్డించే గరిటెలు చేసిచ్చారు. నున్నగా, తేలికగా, పిడిమీద గ్రామ కార్యాలయం ముద్రతో. నిన్న గది నిండిపోయింది! ఊరి కోడళ్ళంతా వచ్చారు. సోయాపిండి జావ, మేకపాలలో ఉడికించిన గుమ్మడి, ఎండుచేపల పొడి, అన్నీ చేసి చూపించాను. చివర గరిటెలు ఇస్తుంటే కొందరి చేతులు వణికాయి. ఒకామె చుట్టూ చూసి చప్పున చొక్కా చేతిలోకి తోసేసుకుంది. ఇంకొకామె వద్దని దణ్ణం పెట్టింది. పాపం, ప్రభుత్వం వాళ్ళు ఏదైనా చేతికివ్వడం ఇదే మొదలు కాబోలు అనుకున్నాను. మొహమాటం వదిలించి మరీ ఇచ్చాను.

నీ కోడలికి, అదే మన కిను వదినకి, ఒకటి దాచాను. ఎవరైనా అటు వస్తుంటే పంపుతాను.

నీ హిసానో


కమినోసె
నవంబరు 6

హిసానోకి,

పెద్దమ్మ తోకు రాస్తున్నది. ముల్లంగి పీకి చూరుకి వేలాడదీశాం. చిన్న మేక ఇప్పుడే చూలు కట్టింది. మోకాలు ఉన్నచోటే ఉంది. మర్యాదలు అయ్యాయి, ఇక తిట్లు.

నీకు మతి ఉందా? యుద్ధం రోజుల్లో ఏడాది పాటు నా పొయ్యి పక్కన కూర్చుని తిన్నావు, ఏం చూశావు? నీ గిన్నె తప్ప ఏమీ చూడలేదన్నమాట. ఈ కొండల్లో అన్నం గరిటె అంటే ఇల్లు. ఎవరికి ముందు, ఎవరికి వెనక, ఎవరికి తెల్లన్నం, ఎవరికి బార్లీ, అంతా దాన్ని పట్టుకున్న చేతిది. కోడలు బియ్యం కడగొచ్చు, కట్టెలు ఎగదోయొచ్చు, కుండ తోమొచ్చు. గరిటె మాత్రం ముట్టకూడదు. అత్తకి ఇక చాలనిపించిన ఏడు, సంవత్సరం ఆఖరి రోజున కుండ మూతమీద గరిటె పెట్టి కోడలి ముందుకు జరుపుతుంది. మా అత్తకి చాలనిపించనే లేదు. ఆవిడ పోయాక నేనే తీసుకున్నాను. అప్పటికి నా తల సగం నెరిసింది.

అలాంటిదాన్ని నువ్వు సర్కారు ముద్ర వేయించి ఊరి కోడళ్ళందరికీ పంచిపెట్టావు! "మీ అత్తల పని అయిపోయింది, దిగిపొమ్మనండి" అని దండోరా వేయించినట్టే. వాళ్ళ చేతులు వణికాయంటే వణకవూ?

పైగా కినుకి ఒకటి దాచావా? ఎందుకే? నా కాలం ఎప్పుడు తీరుతుందా అని ఎదురుచూస్తున్నారా ఇద్దరూ?

కిను సంగతి కూడా రాస్తాను. ఆరో నెల. పోయినేడు పుట్టిన బిడ్డ వారం కూడా నిలవలేదని నీకు తెలుసు. ఈసారి నిలవాలని రోజూ దీపం పెడుతున్నాను. ఆ పిల్ల మాత్రం ఈ లోకంలో లేదు. పొద్దున బాగానే ఉంటుంది, దీపాలవేళకి మనసు పుట్టింటికి పోతుంది. మొన్న మిసో చారు కుండలో పోయమంటే కుండ పక్కన పోసింది. నిన్న గడప తన్నుకుని చెంబుతో సహా పడింది. "కళ్ళు నెత్తికెక్కాయేంటే?" అన్నాను. "చీకట్లో కనబళ్ళేదత్తయ్యా" అంది. చీకటెక్కడిది, సూర్యుడింకా కొండ దిగందే! బద్ధకానికి వంద సాకులు.

గరిటెల సంగతి ఏమైందో రాయి. ఊళ్ళో ఉండనిస్తున్నారా, తరిమేశారా?

పెద్దమ్మ


కురిసావా
నవంబరు 17

పెద్దమ్మా,

నీ ఉత్తరం అందేసరికే గరిటెలు తిరిగొచ్చాయి. పొద్దున ఆఫీసు తలుపు తీస్తే గుమ్మం ముందు కట్టెల్లా పేర్చి ఉన్నాయి. సాదో గారని ఒక ముసలావిడ మాత్రం లోపలికొచ్చి తన కోడలి గరిటె నా బల్లమీద పెట్టింది. "నర్సమ్మా, నేనింకా చావలేదు" అంది. అని, వంగి నమస్కారం చేసి మరీ వెళ్ళింది. ఊరి పెద్ద "పెళ్ళికాని పిల్లని పంపితే ఇంతే" అన్నాడు. ఒకింట్లో కోడలిని పుట్టింటికి పంపేశారు, తరువాత తీసుకొచ్చారులే. వీధిలో నన్ను చూస్తే ఇప్పుడు కోడళ్ళు తలుపుచాటుకి పోతున్నారు. తిండి నేర్పడానికి వచ్చి తిట్లు తినిపించాను.

వదినకి దాచిన గరిటె నీమీద గురిపెట్టి దాచింది కాదు. చెక్క బాగుందని దాచాను, అంతే. నమ్ము.

అసలు సంగతి వేరే ఉంది. పెద్దమ్మా, వదినది బద్ధకం కాదు. అది రేచీకటి. పగలు బాగానే కనబడి, వెలుతురు తగ్గితే ఏమీ కనబడదు. కడుపులో బిడ్డ పెరుగుతుంటే తల్లి ఒంట్లో ఉన్నదంతా లాక్కుంటుంది. లోపలికి ఏమీ పోకపోతే ముందు కళ్ళు చెప్తాయి. ఆ తరువాత తక్కినవి. పోయినేడు బిడ్డ ఎందుకు నిలవలేదో నేను చూడలేదు కనుక చెప్పలేను, కానీ ఈసారి ఊరుకోకూడదు. గుమ్మడి, క్యారెట్, ముల్లంగి ఆకు, గుడ్డు పచ్చసొన, మేకపాలు, కోడి కోసినరోజు కాలేయం, ఇవి పెట్టు. రోజూ పెట్టు. దీనితో చేపనూనె సీసా పంపుతున్నాను, రోజుకో చెంచా. వాసన భరించలేం, ముక్కు మూసుకోమను.

ఇక్కడి అత్తలు గుడ్లు అమ్మేసి, పాలు మగవాళ్ళకి పోసి, కడుపుతో ఉన్న పిల్లకి కుండలో మిగిలిన బార్లీ పెడతారు. చూస్తే కడుపు మండిపోతుంది. నిన్ను అనడం లేదు.

హిసానో


కమినోసె
డిసెంబరు 3

హిసానోకి,

మంచు పడింది. చూరుదాకా పేరుకునే రకంలా ఉంది.

"నిన్ను అనడం లేదు" అని రాశావంటే నన్నే అన్నావన్నమాట. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేదాన్ని కాను నేను. మా ఇంట్లో గుడ్లు అమ్ముతాం. పాలు అమ్ముతాం. బార్లీ తింటాం. దాచేదేముంది? నా అత్త నాకు పెట్టిందే నేను కినుకి పెడుతున్నాను, ఇంకా ఒక పిడికెడు ఎక్కువే.

సీసా అందింది. మీ అన్న ఎయిసాకు కలప కొట్టడానికి కొండెక్కాడు, వసంతం దాకా దిగడు. సీసా వాడి మూటలో పెట్టాను. మంచులో గొడ్డలి పట్టేది వాడు. పొయ్యి పక్కన కూర్చునేదానికి నూనె దేనికి?

కడుపుతో ఉన్నదాన్ని మేపమంటావు. మేపితే బిడ్డ పెరిగి దారిలో అడ్డం పడుతుంది. చిన్నగా కని పెద్దగా పెంచమని మా పెద్దలు ఊరికే అనలేదు. పెళ్ళి కూడా కాని నువ్వు నాకు పురుడు నేర్పుతావా? గుడ్డు వచ్చి పిల్లని వెక్కిరించినట్టుంది. నాకు నలుగురు పుట్టారు, ఎయిసాకు నిలిచాడు. ఈ ఊళ్ళో ఎవరినైనా అడుగు. అందరికీ అంతే.

రేచీకటి అంటే మాకూ తెలుసు. మా చిన్నప్పుడు మగాళ్ళకి వచ్చేది. నదిలో దొరికే యత్సుమె చేప, ఆ పాములాంటిది, తింటే పోయేది. ఆడవాళ్ళకి వచ్చిందని నేను వినలేదు. ఆడవాళ్ళెవరూ చెప్పలేదు.

ఒంటికి వెచ్చగా కట్టుకుని తిరుగు.

పెద్దమ్మ


కురిసావా
డిసెంబరు 11

పెద్దమ్మా,

"అందరికీ అంతే" అన్న మాట దగ్గర ఆగిపోయాను. అలా రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందా అనుకున్నాను. తరువాత, ఎంతమంది పోతే చెయ్యి అలా వస్తుందో అనుకున్నాను.

ఈ నెలలో ఇక్కడ ఒక బిడ్డ పోయింది. పుట్టినప్పుడు నా రెండు అరచేతుల్లో సరిపోయింది. తల్లి, ఆ రోజు గరిటెని చొక్కా చేతిలో దాచుకున్న పిల్ల. "చిన్నగా కన్నాను కదండీ, మరి ఎందుకు పెరగలేదు?" అని నన్నడిగింది.

వదినకి ఉత్తరం రాద్దామనుకున్నాను. రాస్తే నువ్వు చదివాకే తనకి అందుతుంది, తనకి తిట్లు మిగులుతాయి. కనుక ఇంకో పని చేశాను. నీకు కోపం వస్తుందని తెలిసే చేశాను. మీ జిల్లా ఆరోగ్య కేంద్రానికి రాశాను. అక్కడి నర్సు వచ్చి వదినని చూస్తుంది. తను చెప్పినట్టు చెయ్యి. నా మాట వినకపోయినా ఫరవాలేదు.

హిసానో


కమినోసె
డిసెంబరు 22

హిసానోకి,

మీ నర్సు వచ్చింది. తెల్ల టోపీ పెట్టుకుని, సంచీ వేసుకుని, పట్టపగలు, ఊరంతా మంచు ఎత్తిపోసుకుంటున్న వేళ వచ్చింది. నా ఇంటికి దారి ముగ్గురిని అడిగిందట. కిను కళ్ళు చూసింది, రెప్పలు లాగింది, నన్ను గుడ్లెక్కడని అడిగింది. తను అటు వెళ్ళగానే ఎదురింటావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏంటి తోకు గారూ, కోడలికి కూడు పెట్టట్లేదని గవర్నమెంటోళ్ళు ఎంక్వయిరీకొచ్చారంటనే?" అంది.

ఈ ఇంటికొచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. నా గుమ్మం ముందు ఎవరూ ఆ మాట అనలేదు. నువ్వు అనిపించావు. నీకేమైనా రాశావా అని కినుని అడిగాను. రాయలేదని ఏడ్చింది. ఎవరిని నమ్మాలో నాకు తెలియదు.

ఇక రాయకు.


కురిసావా
1955 జనవరి 24

పెద్దమ్మా,

రాయవద్దన్నావు. నెలరోజులు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. చదవకుండా పొయ్యిలో వేసినా తప్పు పట్టను.

ముందుగా ఒక్క మాట. వదిన నాకు ఒక్క ముక్క కూడా రాయలేదు. తను చారు కుండ పక్కన పోసిందని నువ్వే రాశావు. నాకు చెప్పింది నువ్వే, పెద్దమ్మా. నర్సుని పంపినందుకు చింతించడం లేదు. ఊరందరూ చూసేలా వచ్చినందుకు మాత్రం నిజంగా బాధగా ఉంది. పొద్దుగూకాక రమ్మని రాసి ఉండాల్సింది, నాకు తట్టలేదు.

ఇక్కడ ఏం జరిగిందో చెప్తాను. గరిటెలు తిరిగొచ్చాక నా తరగతికి పిల్లి కూడా రాలేదు. చేసేది లేక సాదో గారింటికి వెళ్ళాను, తప్పు ఒప్పుకుందామని. ఆవిడ కట్టెల వైపు, కోడళ్ళు కూర్చునే చోటు చూపించింది. కూర్చున్నాను. అక్కడ పొగ మొహానికే కొడుతుందని అప్పుడే తెలిసింది. ఏం మాట్లాడాలో తెలియక, "మీరు కడుపుతో ఉన్నప్పుడు ఏం తినాలనిపించేదండీ?" అన్నాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తరువాత నవ్వింది. "ఉప్పుచేప" అంది. "తల కాదు నర్సమ్మా, నడుం ముక్క. వాసన తగిలేది, ముక్క తగిలేది కాదు." అని, ఆ పెద్దమనిషి ఏడ్చేసింది.

అప్పటినుంచి ప్రతి ఇంట్లోనూ అదే అడుగుతున్నాను, అత్తలని. ఎవరూ మరిచిపోలేదు. ఒకరికి ఎండు పళ్ళు, ఒకరికి కోడి కాలేయం, ఒకరికి కాసిన్ని పాలు. ఎన్నేళ్ళయినా ఏ రోజు ఎవరి గిన్నెలో చూశారో కూడా చెప్తారు. సాదో గారే అన్నారు, "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు గందా. వడ్డించేది మేమైతే, నువ్వు పాఠం తీసుకెళ్ళి కడబంతికి చెప్తావేంటి?" అని. నిజమే కదా. నాకు ఇన్నాళ్ళూ ఆ మాట ఎందుకు తట్టలేదో.

ఇప్పుడు అత్తల తరగతి నడుస్తోంది. ఎవరి గరిటె వాళ్ళు తెచ్చుకుంటారు. అందరూ రారు. వచ్చినవాళ్ళలో సగంమంది నాకు వంట రాదని చెప్పడానికి వస్తారు. కానీ ఇంటికెళ్ళి పెడుతున్నారు. రెప్ప లాగి చూస్తే తెలుస్తోంది.

నేను నీ దగ్గరికి వచ్చేసరికి నాకు పన్నెండేళ్ళు. ఒళ్ళంతా కురుపులు, చిగుళ్ళలోంచి రక్తం. రోజూ కుండ మూత తీసి, పైన తేలిన బార్లీని పక్కకి నెట్టి, కిందినుంచి తెల్లన్నం తీసి నా గిన్నెలో వేసేదానివి. పెద్దనాన్నకంటే ముందు నాకు. నేను నీ ఇంటి పిల్లని కాను, మీ వంశానికి ఏమీ కాను. ఎందుకు పెట్టావు? చావకూడదనే కదా. నా గిన్నె తప్ప ఏమీ చూడలేదన్నావు. నిజం. ఆ గిన్నెలో ఏం పడిందో మాత్రం మరిచిపోలేదు.

ఇంకేమీ చెప్పను. గుమ్మడికాయ, ఎర్రగింజలు కలిపి నువ్వు చేసేదానివే, అది ఎలా చేస్తారో రాస్తావా? మా తరగతిలో చేసి చూపించాలి. నేను చేస్తే గింజలు రాళ్ళలా ఉంటున్నాయి.

హిసానో


కమినోసె
ఫిబ్రవరి 8

హిసానోకి,

ఎర్రగింజలు ముందురోజే నానెయ్యాలి. మొదటి నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో గోరుతో నొక్కితే చితికేదాకా ఉడికించాలి. గుమ్మడి అప్పుడు వెయ్యాలి, ముందు వేస్తే ముద్దవుతుంది. చెక్కు తీయకు. ఉప్పు ఆఖరున. ముందే ఉప్పేస్తే గింజ ఉడకదు, నీకు రాళ్ళలా ఉంటున్నది అందుకే. గరిటెతో తిప్పకు, కుండనే కుదుపు.

అడిగావు కనుక రాశాను. తక్కినవాటికి జవాబు రాయడం లేదు.

పెద్దమ్మ


కమినోసె
మార్చి 29

హిసానోకి,

చూరుమీది మంచు జారి పడుతోంది, ఇంట్లో కూర్చుంటే ఉరిమినట్టు చప్పుడు. చిన్న మేక రెండు పిల్లల్ని ఈనింది. మోకాలి సంగతి అడగకు. ఈ ఉత్తరం పొడుగు, తీరిగ్గా కూర్చుని చదువు.

నీ జనవరి ఉత్తరం పొయ్యిలో వేద్దామనే చేతిలో పట్టుకున్నాను. వెయ్యలేదు. నేను నీకు తెల్లన్నం ఎందుకు పెట్టానని అడిగావు. మా చెల్లి కూతురు నా ఇంట్లో చస్తే దాని మొహం ఎలా చూడనని పెట్టాను. ఇందులో పెద్ద మనసేమీ లేదు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

అప్పటికీ కినుది సాకే అనుకుంటున్నాను. నిజమేదో తేల్చుకుందామని ఒకరోజు దీపాలవేళ, దీపం వెలిగించకుండా, పొయ్యికి ఇవతల తనకెదురుగా చప్పుడు చేయకుండా కూర్చున్నాను. నాకు తన మొహంమీది పుట్టుమచ్చ కూడా కనబడుతోంది. నాలుక బయటపెట్టి వెక్కిరించాను. కళ్ళు పెద్దవి చేసి కోతిలా మొహం పెట్టాను. ఏ కోడలైనా నవ్వాలి, లేకపోతే అత్తకి పిచ్చెక్కిందని కంగారుపడాలి. కిను నా మొహంలోకే చూస్తూ, "అత్తయ్యా, ఎక్కడున్నారు?" అంది.

నాకు భయమేసింది. అంత భయం మా ఆయన పోయిన రోజున కూడా వెయ్యలేదు. ఆ పిల్ల అన్ని సాయంత్రాలూ గుడ్డిదై నా ఇంట్లో నీళ్ళు మోసింది, కట్టెలు తెచ్చింది, నా చేత తిట్లు తింది.

మర్నాడు యత్సుమె అమ్మేవాడు వచ్చాడు. "బాబు కొండమీద ఉన్నాడు గదమ్మా, ఎవరికి?" అన్నాడు. "కోడలికి" అన్నాను. "ఇది మగాళ్ళ మందమ్మా" అన్నాడు. "కళ్ళు మగాళ్ళకే ఉంటాయా? తూచు" అన్నాను. గుడ్లు అమ్మడం మానేశాను. మేకపాలు మా ఇద్దరికే. గుమ్మడి ఎలా వండాలో నీకు రాశాను చూడు, ఆ ఉత్తరం రాసినరోజు నా పొయ్యిమీద అదే ఉడుకుతోంది. నీకు చెప్పబుద్ధి కాలేదు.

చేపనూనె తిరిగి పంపమని ఎయిసాకుకి కబురు పెట్టాను. వాడు దాన్ని రంపానికి పట్టించాడట. రంపం భేషుగ్గా కోస్తోందని కబురు చేశాడు. కనుక నీ నూనె దండగ కాలేదులే. మీ తెల్లటోపీ నర్సే ఇంకో సీసా తెచ్చిచ్చింది. ఈసారి తనని ముందు గుమ్మంలోనే నిలబెట్టి, ఎదురింటావిడ వినేలా గట్టిగా "రండి రండి, మా కోడల్ని చూడ్డానికేనా?" అన్నాను. ఎవరేమనుకుంటే నాకేంటి.

చంద్రుడు నిండి తరగకుండానే, అలాగే దీపాలవేళ మళ్ళీ నాలుక బయటపెట్టాను. "అయ్యో, అత్తయ్యా, ఏమైందండీ మీకు!" అని లేచి నిలబడింది. ఏమీ కాలేదన్నాను. ఎందుకు చేశానో చెప్పలేదు.

ఈ నెల మొదట్లో నొప్పులొచ్చాయి. మంత్రసానిని మంచుబండిమీద తీసుకొచ్చారు. బిడ్డ అడ్డం పడలేదు. మేపితే అడ్డం పడుతుందన్న మాట తప్పు, అది నేనే రాస్తున్నాను, దాచిపెట్టుకో. ఆడపిల్ల. కేక వేసిందంటే ఎదురింటావిడ పరిగెత్తుకొచ్చింది. మంత్రసాని చేతిలో ఎత్తి చూసి "బరువుందమ్మా!" అంది. ఫుకి అని పేరు పెట్టాం. మంచులోంచి ముందుగా తల ఎత్తే మొలక పేరు.

బాలింతకి మూడు వారాలు గంజి, ఉప్పులో ఊరిన పండు తప్ప ఏమీ పెట్టకూడదని ఇక్కడి పథ్యం. నాకూ అంతే పెట్టారు. కినుకి మూడోరోజునే గంజిలో గుడ్డు కొట్టి వేశాను. చూడ్డానికొచ్చిన ఎదురింటావిడ గిన్నెలోకి తొంగి చూసి గుండెలు బాదుకుంది.

"బాలింతకి గుడ్డా! పళ్ళూడిపోతాయి, పిల్లకి పాలు చెడతాయి. ఎవరు చెప్పారు నీకు, ఆ టోపీదేనా?"

"ఏమే, ఈ ఇంట్లో గరిటె ఎవరి చేతిలో ఉంది?"

"నీ చేతిలోనే."

"మరి నోరు ఎవరిది లేస్తోంది?"

వెళ్ళిపోయింది. రెండు రోజులకి మళ్ళీ వచ్చి, పాలు చెడ్డాయా లేదా అని పిల్లని తడిమి చూసింది. మూడోసారి వచ్చినప్పుడు తన కోడలికి ఎన్నో నెలో చెప్పి, "ఆ గుమ్మడి ఎలా వండుతావు?" అంది. చెప్పాను. చెక్కు తీయొద్దని కూడా చెప్పాను.

ఒకటి మాత్రం స్పష్టంగా రాస్తున్నాను. నేను గరిటె కినుకి ఇవ్వలేదు. సంవత్సరం ఆఖరి రోజు వచ్చింది, పోయింది, ఇవ్వలేదు. వచ్చే ఏడూ ఇవ్వను. నా చెయ్యి ఇంకా బాగానే ఉంది. నువ్వు దాచిన ఆ ముద్ర గరిటె నువ్వే ఉంచుకో, నీ పెళ్ళికి పనికొస్తుంది, ఎవరైనా చేసుకుంటే.

నిన్న పొద్దున అన్నాలవేళ సంగతి. కిను పిల్లకి పాలిస్తూ ఒక చేత్తో తింటోంది. గిన్నె ఖాళీ అయింది. ఖాళీ గిన్నె కింద పెట్టలేదు. పట్టుకునే కూర్చుంది. మెడదాకా ఎర్రబడి, "అత్తయ్యా, ఇంకొంచెం పెడతారా?" అంది.

పెళ్ళయి నాలుగేళ్ళు. ఈ ఇంట్లో ఆ పిల్ల నోరు తెరిచి నన్ను ఒకటి అడగడం అదే మొదలు. మా అత్తని నేను ఎప్పుడూ అడగలేదు. అడగొచ్చని కూడా తెలియదు నాకు. నా ముగ్గురు పిల్లలూ అలాగే పోయారేమో అని నిన్నటిదాకా ఒక్కసారి కూడా అనుకోలేదు. నిన్న అనుకున్నాను. బాగా ఏడ్చాను, కిను ముందే.

తను గిన్నె వెనక్కి తీసుకోబోయింది. లాక్కుని పెట్టాను. తింది. మళ్ళీ అడిగింది, మళ్ళీ పెట్టాను. కుండ ఖాళీ అయిపోయింది. అడుగున అంటుకున్న మాడు గీక్కుని, అందరికంటే ఆఖరున నేను తిన్నాను.

పెద్దమ్మ